టిబిలిసిలో మా వాడి గది గాల్లో వేలాడుతోంది... జార్జియా కళాకారుల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

#1 గోదారిగట్టు
అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఇదే నా మొదటి పోస్ట్. చోటు తప్పయితే మోడరేటర్ గారు మార్చేయండి.

మా అబ్బాయి జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ నాలుగో ఏడు. మొన్న నేనూ మావారూ వెళ్లి తొమ్మిది రోజులు ఉండి వచ్చాం. వాడూ ఇంకో ఇద్దరు మన పిల్లలూ సబుర్తాలో అనే పేటలో, సోవియట్ కాలంనాటి బిల్డింగులో ఆరో అంతస్తులో అద్దెకుంటున్నారు. వాడి గదిలో అడుగు పెట్టగానే నా కాళ్లు వణికాయి. అసలది గది కాదండీ. బాల్కనీకి ఇనప చట్రాలు వెల్డింగ్ చేసి ముందుకు లాగి, చుట్టూ అద్దాలూ రేకులూ బిగించి గది అన్నారు. పక్క ఫ్లాటుకీ అలాంటిదే ఉంది, పైవాళ్లది ఇంకా పొడుగు, కిందవాళ్లకి అసలు లేదు. అంటే మా వాడి మంచం కింద ఉన్నదంతా గాలే! చెక్కనేల మీద మావారు నడుస్తుంటే టేబుల్ మీద గ్లాసులో నీళ్లు కదిలాయి. ఇంటాయన్ని అడిగితే "ముప్పై ఏళ్లుగా ఉంది, ఇంకా పడలేదు" అని నవ్వాడు.

పై ఫ్లాటులో ఆర్ట్ చదువుకునే జార్జియన్ అమ్మాయి ఒకతి ఉంది. నా టెన్షన్ చూసి "ఆంటీ, ఈ బాల్కనీలు వెనిస్ దాకా వెళ్లాయి తెలుసా" అంది. మా వాడికీ అంతకుమించి తెలియదు. బాల్కనీ వెనిస్‌కి ఎలా వెళ్తుంది? ఎవరైనా చెబుతారా?

#2 అట్లాంటా_అప్పారావు
జార్జియా అనగానే పరిగెత్తుకొచ్చా. ఇక్కడి ఆర్ట్ మ్యూజియంలో ప్రతి నెలా ఏదో ఒకటి ఉంటుంది, ఏ ఏరియా మీది?

#3 మెడికో_సబుర్తాలో
అమెరికాలోని ఆ జార్జియా కాదు బాబాయ్ 😀 ఇది నల్లసముద్రం ఒడ్డున ఉన్నది. వాళ్ల దేశాన్ని వాళ్లు సకార్త్‌వేలో అంటారు. పార్సిళ్లు మాత్రం మీ వైపే వెళ్తుంటాయి.

#4 బెర్లిన్_బావ
గోదారిగట్టు గారూ, ఆ అమ్మాయి చెప్పింది నిజమే. వెనిస్ బియెనాలే అంటే ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళాప్రదర్శన, దేశాలు తమ తమ పెవిలియన్లు పెడతాయి. 2013లో అక్కడ జార్జియా పెవిలియన్ పేరే "కామికాజె లాజియా". లాజియా అంటే వరండా లాంటి బాల్కనీ. అక్కడి పాత నౌకా కర్మాగారం ఉండే ఆర్సెనాలేలో, ఉన్న భవనానికి పైన చెక్కతో ఒక గది తగిలించారు. మీవాడి గదిలాగే, పిలవని చుట్టంలా ఇంకొకరి గోడకి అతుక్కుని నిలబడింది. కట్టడం డిజైన్ జియో సుంబాద్జెది. టిబిలిసి బిల్డింగులను ఏళ్ల తరబడి తిరిగి చూసి రికార్డు చేస్తున్న కళాకారుడు. లోపల తేయా జోర్జాద్జె, గెలా పతాషురి, బుయాన్ గ్రూప్ వగైరాల పనులు. బుయాన్ వాళ్లు రకరకాల మతాల ప్రార్థనల్లో చేసే సైగలన్నీ కలిపి ఏరోబిక్స్ క్లాసులా చేసి చూపించారు. చర్చికి అంత పలుకుబడి ఉన్న దేశంలో అది చిన్న విషయం కాదు.

పేరులో ఒక వేళాకోళం ఉంది. జార్జియన్ ఇంటిపేర్లు బోలెడు "-ద్జె"తో అయిపోతాయి. జపాన్ ఆత్మాహుతి పైలట్లని పిలిచే కామికాజె అనే మాట కూడా వినడానికి అలాగే ఉంటుంది కదా. ఆత్మాహుతి బాల్కనీ అనుకోండి.

#5 మెడికో_సబుర్తాలో
ఆంటీ, నేనూ సబుర్తాలోలోనే, అయిదేళ్లుగా. మీరు చూసినవి పేటంతా ఉన్నాయి. మా ఇంటి ఓనరు బేబియా (అమ్మమ్మ) చెప్పిన మాటలు రాస్తున్నా.

సోవియట్ కాలంలో ఇచ్చిన ఫ్లాట్లు చిన్నవి. పిల్లలు పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకున్నా వేరే ఇల్లు దొరకదు. 1991లో దేశం స్వతంత్రం అయింది, అదే డిసెంబరులో టిబిలిసి నడిబొడ్డున పార్లమెంటు చుట్టూ సొంతవాళ్ల మధ్యే కాల్పులు. తర్వాత అబ్ఖాజియా (జార్జియా నుంచి విడిపోతామన్న ప్రాంతం) యుద్ధం. 90లలో కరెంటు ఉండేది కాదు, గ్యాస్ ఉండేది కాదు. పర్మిషన్ అడగడానికి ఆఫీసు లేదు, అడ్డు చెప్పడానికి ఆఫీసరూ లేడు. దాంతో ఇనుము దొరికినవాడు ఇనుముతో, చెక్క దొరికినవాడు చెక్కతో బయటికి పెంచుకున్నారు. బేబియా వంటింట్లో ఇప్పటికీ ఓ కిరోసిన్ స్టవ్ ఉంది. పదేళ్ల నుంచి వెలిగించలేదు, పారేయదు. "మళ్లీ అవసరం రాదని నువ్వు రాసిస్తావా" అంటుంది.

#6 పెదనఅచ్చు
ఇదంతా బానే ఉంది గానీ, ఒక దేశం కళావారసత్వం అంటే నేను ఇంకేదో అనుకున్నా. మాది పెడనలో అద్దకం పని, మూడు తరాలుగా. జార్జియా వాళ్ల నీలం బల్లగుడ్డ ఫోటోలు చూశాను, తెల్ల చేపలూ లేళ్లూ పక్షులూ చెంబులూ ఉంటాయి. అచ్చుతో మైనం వేసి నీలిమందులో ముంచినట్టు కనిపిస్తోంది. అలాంటివి చేసేవాళ్లు ఇంకా ఉన్నారా? అవి వెనిస్‌కి వెళ్లవా?

#7 మెడికో_సబుర్తాలో
లుర్జి సుప్రా అంటారండీ. లుర్జి అంటే నీలం, సుప్రా అంటే బల్లగుడ్డ. విందుని కూడా సుప్రా అనే అంటారు. ఆ పని దాదాపు ఆగిపోయాక ఆర్ట్ అకాడమీ వాళ్లు పాత గుడ్డలు చూసి మళ్లీ మొదలుపెట్టారు. పాతబస్తీలో టూరిస్టు షాపుల్లో మాత్రం ఎక్కువ డిజిటల్ ప్రింటే.

#8 పెదనఅచ్చు
గుడ్డ తిప్పి వెనక చూడు బాబూ. నీలిమందులో ముంచింది అయితే వెనక కూడా అంతే నీలం ఉంటుంది. ప్రింటు అయితే వెలవెలబోతుంది. మా దగ్గరా ఇదే గోల.

#9 బెర్లిన్_బావ
పెదనఅచ్చు గారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక ఇల్లు. 2017 వెనిస్‌లో నేను చూసిన వాటిలో ఇప్పటికీ మనసులోంచి పోనిది.

వాజికో చాచ్‌ఖియాని, 1985లో టిబిలిసిలో పుట్టాడు. మాంగనీసు గనులుండే చియాతురా అనే ఊరి దగ్గర, ఎవరూ ఉండని ఓ చెక్క ఇంటిని కొన్నాడు. విప్పదీసి ముక్కలు ముక్కలుగా వెనిస్‌కి తెచ్చి మళ్లీ నిలబెట్టాడు. లోపల మంచం, బల్ల, గోడ మీద పటాలు, వెలుగుతున్న దీపం, అన్నీ ఓ పల్లెటూరి ఇంట్లో ఉన్నట్టే. మనం లోపలికి వెళ్లకూడదు, కిటికీలోంచి చూడాలి. చూస్తే లోపల వాన పడుతోంది. బయట పొడిగా ఉంది, ఇంట్లో వాన! కప్పు కింద పైపులు పెట్టి ఆర్నెల్లూ ఆపకుండా కురిపించారు. నేను వెళ్లేసరికి పరుపు నానిపోయి రంగు మారింది, మూలల్లో పాచి పట్టింది. ఓ పాప వాళ్ల నాన్న భుజం మీంచి చూసి ఏదో అడిగింది, ఆయన దగ్గర జవాబు లేదు. నేను కూడా కిటికీ అంచు పట్టుకుని చాలాసేపు నిలబడ్డా. ఇంట్లో మనుషులు తిరిగొచ్చి ఆ పరుపు ఎత్తి ఎండలో వేస్తారేమో అని ఎదురుచూసినట్టుంది నా నిలబడటం.

జార్జియాలో పల్లెలు అలా ఖాళీ అయ్యాయి. పని కోసం సిటీకి, సిటీ నుంచి ఇటలీకీ గ్రీసుకీ. ఇల్లు బయటినుంచి బాగానే ఉంటుంది.

#10 సూటిమాట
మా ఇల్లు కూడా ప్రతి వానాకాలం కారుతుంది. టికెట్ పెట్టమంటారా? లోపల మా నాన్నగారు బకెట్ జరుపుతూ ఉంటారు, అది కూడా పెర్ఫార్మెన్స్ కింద లెక్కేసుకోండి.

#11 బొమ్మలమాస్టారు
సూటిమాట గారూ, నవ్వొచ్చింది. కానీ మీ ఇంట్లో బకెట్ జరపడానికి నాన్నగారు ఉన్నారు. తేడా అంతా అక్కడే.

ఆ పనికి పెట్టిన పేరు "చచ్చిన సింహాల మధ్య బతికున్న కుక్క". మన ఊళ్లో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లెవరైనా గుర్తుపడతారు, బైబిల్లో ప్రసంగి గ్రంథంలోది, చచ్చిన సింహం కన్నా బతికున్న కుక్క మేలని. గొప్ప వంశం, గొప్ప చరిత్ర అని చెప్పుకునే దేశంలో ఆ పేరు పెట్టాడంటే కొంచెం గుండె కావాలి.

ముప్పై నాలుగేళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. నాకు జార్జియా అంటే మొదట తెలిసింది పిరోస్మాని (1862–1918). కాఖెతీ అనే ప్రాంతంలోని పల్లె నుంచి వచ్చి టిబిలిసిలో కల్లు దుకాణాలకి బోర్డులూ గోడబొమ్మలూ వేసి బతికాడు. నల్ల ఆయిల్‌క్లాత్ మీద వేసేవాడు. నలుపు కావాల్సినచోట రంగు వేయకుండా గుడ్డనే వదిలేసేవాడు. బతికున్నంతకాలం అన్నానికి వెతుక్కున్నాడు, పోయాక లారీ నోటు మీదికి ఎక్కాడు. (లారీ అంటే వాళ్ల రూపాయి, టైర్లది కాదు.)

ఇప్పటి కళాకారులు ఆయన శైలిని కాపీ కొట్టరు. వేయకుండా వదిలేయడం అనే పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నారేమో అని నా అనుమానం. రుజువు లేదు, మాస్టారి అనుమానం అంతే.

#12 బెర్లిన్_బావ
మాస్టారూ, వదిలేయడం అన్నారు చూడండి, దానికి సరిగ్గా సరిపోయే మనిషి ఒకడున్నాడు. ఆంద్రో వెకువా. 1977లో సుఖూమిలో పుట్టాడు, అబ్ఖాజియాలో సముద్రపు ఒడ్డు ఊరు. 1992–93 యుద్ధంలో అక్కడినుంచి రెండు లక్షలకు పైగా జార్జియన్లు కట్టుబట్టలతో బయటపడ్డారు. తిరిగి వెళ్లనివ్వరు. సరిహద్దు అటువైపు ఊరు అలాగే ఉంది, వీళ్లు ఇటువైపు.

2010–11లో వెకువా ఆ ఊరి భవనాలను చిన్న నమూనాలుగా చేశాడు. హోటళ్లు, ఇళ్లు, చిన్నప్పుడు దాటిపోయిన వీధి. చూసి రావడానికి లేదు కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలూ తన జ్ఞాపకమూ కలిపి చేశాడు. ఏ గోడ గుర్తు లేదో, దేనికి ఫోటో దొరకలేదో, అక్కడ ఊహించి నింపలేదు. ఖాళీగా వదిలేశాడు. ముందునుంచి చూస్తే పూర్తి భవనం, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే నున్నటి చదును. అది చూశాక, మన చిన్ననాటి ఇంటి వెనకగోడకి కిటికీలెన్నో చెప్పమంటే నేను చెప్పలేనని అర్థమైంది.

#13 నీటికింద_ఊరు
నేను ఈ సైట్‌లో చదవడమే గానీ రాయను. మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. మా నాన్నకి 81 ఏళ్లు. పై పోస్ట్ చదివాక కాగితం ఇచ్చి ఊరు గీయమన్నాను. రామాలయం, చావిడి, మా ఇల్లు, బావి చకచకా గీశాడు. కుమ్మరోళ్ల వైపు వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. "అటు మేం వెళ్లేవాళ్లం కాదులే" అన్నాడు. మర్చిపోవడం కాదది. ఎప్పుడూ చూడలేదు.

#14 బొమ్మలమాస్టారు
👆 ఈ పోస్ట్ దగ్గర ఆగి మళ్లీ చదవండి అందరూ.

#15 ఫోటోపిచ్చి
ఫోటోల వైపు నుంచి కొంచెం. కోకా రమిష్విలి అని ఒకాయన. 1991–92 కాల్పుల రోజుల్లో ఇంట్లోంచి కదల్లేదు. తన కిటికీలోంచి అదే దృశ్యాన్ని రోజూ తీశాడు. ఇళ్ల కప్పులు, దూరంగా పొగ. అంతే. దాని పేరు కూడా "నా కిటికీలోంచి యుద్ధం". తుపాకులు పట్టుకున్న మనుషుల్ని తీసినవాళ్లు ఎందరో ఉన్నారు, పొగ ఇవాళ ఎక్కువా తక్కువా అని చూస్తూ కూర్చున్న మామూలు మనిషి చూపు ఇందులోనే ఉంది.

ఇంకో ధోరణి, లెవాన్ చొగోష్విలి. 1953లో పుట్టాడు. ఈయన పెయింటర్. 70లలో, అంటే సోవియట్ పాలన మధ్యలో, పాత జమీందారీ కుటుంబాల ఫోటోలు చూసి బొమ్మలు వేశాడు. ఆ కుటుంబాలని స్టాలిన్ కాలంలో కాల్చేశారు, సైబీరియాకి తోలారు. అలాంటి చుట్టం ఉన్నాడంటేనే ప్రమాదం, దాంతో ఫోటోలు దాచేసేవాళ్లు, చించేసేవాళ్లు, మొహాల మీద సిరా పూసేసేవాళ్లు. ఈయన వాటిని పెద్ద కాన్వాసుల మీదికి తెచ్చి "నాశనమైన కులీనులు" అని వరసగా వేశాడు. అప్పట్లో ప్రదర్శించే వీలు లేని బొమ్మలు.

నతేలా గ్రిగలష్విలి (జననం 1965) పల్లెలు తీస్తుంది. అజారా కొండల్లో పశువులతో ఎండాకాలం పైకీ చలికాలం కిందికీ వలస పోయే వాళ్ల వెంట ఏళ్ల తరబడి తిరిగింది. ఆవిడ ఫోటోల్లో ఎవరూ టూరిస్టు కోసం నవ్వరు.

#16 సూటిమాట
సరే, జోకులు పక్కనపెట్టి ఒకటి అడుగుతా. వెకువా స్విట్జర్లాండులో చదివి జర్మనీలో ఉంటాడని గూగుల్ అంటోంది. తేయా జోర్జాద్జె బెర్లిన్. కిటికీ ఆయన జెనీవా. అందరూ బయట కూర్చుని, బయటివాళ్ల డబ్బుతో, బయటివాళ్లు చూడటానికి, ఊరి బాధ చూపిస్తున్నారు. చియాతురా గనిలో పనిచేసేవాడు ఆ వాన ఇల్లు చూశాడా? మనదగ్గరా ఇదే, పల్లె మీద కవిత రాసేవాడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో ఉంటాడు.

#17 బెర్లిన్_బావ
ప్రశ్న న్యాయమైనదే, దాటవేయను. 90లలో వాళ్లు వెళ్లింది ఫ్యాషన్ కోసం కాదు, అక్కడ రంగులు కాదు కదా రొట్టె దొరకలేదు. అక్కడే ఉండిపోయిన వాళ్లలో కార్లో కచారవా ఒకడు. పెయింటరు, కవి, విమర్శకుడు, 1994లో ముప్పై ఏళ్లకే పోయాడు. అతని బొమ్మల్లో సగం మాటలే ఉంటాయి, డైరీ పేజీ చింపి రంగులేసినట్టు. యూరప్‌లో పెద్ద మ్యూజియం ప్రదర్శన, బెల్జియంలో గెంట్ నగరంలో, 2023–24లో జరిగింది. ఆయన పోయి ముప్పై ఏళ్లవుతుండగా. బయటికి వెళ్లినవాళ్లని ఎందుకు వెళ్లావని అడుగుతాం, ఉండిపోయినవాళ్లని ముప్పై ఏళ్లు ఎవరూ అడగలేదు.

అయినా మీ మాటలో ఒక ముల్లు ఉంది. వాన ఇల్లు అసలు చియాతురా దగ్గరే, ఆ ఇంటి స్థలంలోనే పెట్టి ఉంటే ఎలా ఉండేదో. అక్కడ జనానికి అది కళలా కాక అవమానంలా అనిపించేదేమో కూడా.

#18 మెడికో_సబుర్తాలో
లోపల ఉండి చేసేవాళ్లూ ఉన్నారు సార్. సలోమే జషి తీసిన డాక్యుమెంటరీ ఒకటుంది, 2021లో వచ్చింది, "టేమింగ్ ద గార్డెన్". మాజీ ప్రధాని బిద్జినా ఇవానిష్విలి తన పార్కు కోసం ఊళ్లలో ఉన్న మహా పాత చెట్లని వేళ్లతో సహా పెకలించి తెప్పించుకున్నాడు. డబ్బిచ్చే కొన్నాడు. ఆ చెట్లు పోతుంటే ఊరివాళ్లు ఎలా నిలబడి చూశారన్నదే సినిమా. ఎవరూ వ్యాఖ్యానం చెప్పరు. ఓ పెద్దావిడ ఏడుస్తుంది, పక్కనే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీస్తుంటారు. ఓ చెట్టు పడవ మీద నిలువుగా నిలబడి నల్లసముద్రంలో వెళ్తుంది. వెనక కొండలు, ముందు నీళ్లు, మధ్యలో ఒంటరి చెట్టు. నేను ల్యాప్‌టాప్ మీద చూశా, పాజ్ చేసి రూమ్మేట్‌ని పిలిచా, గ్రాఫిక్స్ అనుకున్నాడు.

వారసత్వం అంటే డబ్బున్నవాడు కొనుక్కుని తోటలో పెట్టుకునేదా అని ఆ సినిమా అడగకుండానే అడుగుతుంది. జార్జియాలో దాని ప్రదర్శనలకి ఇబ్బందులు వచ్చాయి. అదీ సూటిమాట గారికి జవాబులో భాగమే అనుకుంటా, లోపల చూపించడం అంత సులువు కాదు.

ఇంకో సరదా విషయం. ఇక్కడి అక్షరాలు చూసి మనవాళ్లు అందరూ మొదట "తెలుగులా ఉందేంటి" అంటారు. గుండ్రంగా, తలకట్టు పీకేసిన తెలుగులా. 33 అక్షరాలు. ఇది ఇప్పుడు వాడే మ్ఖెద్రూలి. అన్నిటికన్నా పాత లిపి ఆసొమ్తావ్రూలి. 2019 వెనిస్ పెవిలియన్‌లో అన్నా కె.ఇ. అనే ఆర్టిస్టు తెల్ల పలకల మెట్లు కట్టి, నీళ్లు వచ్చే కుళాయిలని ఆ పాత లిపి అక్షరాల ఆకారంలో పెట్టింది. చర్చి రాళ్ల మీద చెక్కే అక్షరాలు బాత్రూం కుళాయిల్లా! మా బేబియాకి ఫోటో చూపిస్తే ముందు శిలువ గీసుకుంది, తర్వాత "వేణ్ణీళ్లు వస్తాయా" అని అడిగింది.

#19 పెదనఅచ్చు
వేణ్ణీళ్లు 😂
పట్టు గురించి ఎవరూ చెప్పలేదే? జార్జియాలో పట్టు ఉండేదని విన్నాను.

#20 బెర్లిన్_బావ
ఉండేది. టిబిలిసిలో 1887లో పట్టుపురుగుల పరిశోధన కేంద్రం పెట్టారు, అదే ఇప్పుడు పట్టు మ్యూజియం. సోవియట్ కాలంలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు నడిచాయి, 90లలో మూతపడ్డాయి. నీనో క్వ్రివిష్విలి (జననం 1984) అనే ఆమె ఆ బట్టల ఫ్యాక్టరీల చరిత్రనే తన ముడిసరుకుగా తీసుకుంది. నేతలూ పట్టు మీద బొమ్మలూ చేస్తుంది. దూరంనుంచి చదునైన రంగుల ఆకారాలు, దగ్గరికెళ్తే దారం. పాత జానపద డిజైన్లు తిరిగి వేయదు. మగ్గం ఆగిపోయిన తర్వాత ఏం మిగిలిందో దాన్ని నేస్తుంది.

#21 పెదనఅచ్చు
అర్థమైంది. మా నాన్న పోయాక ఆయన వాడిన అచ్చులు పదిహేను ఉన్నాయి, చెదలు పట్టి అంచులు పోయాయి. వాటితో వేస్తే పువ్వు సగమే పడుతుంది. పారేద్దామనుకున్నా. సగం పువ్వుతోనే ఒక దుప్పటి వేసి చూస్తా.

#22 మోడరేటర్
అట్లాంటా ఆస్తి ధరల మీద మొదలైన ఉపచర్చని వేరే దారానికి మార్చాను. అప్పారావు గారూ, మన్నించండి.

#23 గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్. మా వాడికి ఈ చర్చ అంతా పంపాను. గది మాత్రం మారడట. "అమ్మా, నేను వెనిస్ ఎగ్జిబిట్‌లో పడుకుంటున్నా" అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాడు. మంచం గోడవైపుకి జరిపించాను, అంతవరకే నా చేతిలో ఉంది.

అసలు ఇది చెబుదామని వచ్చా. తిరిగొచ్చే ముందు రోజు డ్రై బ్రిడ్జి సంతకి వెళ్లాం. రోడ్డు పక్కన దుప్పట్ల మీద సోవియట్ పతకాలు, వెండి చెంచాలు, డాక్టర్ల పాత పరికరాలు (మా వాడు వాటి దగ్గరే గంట), బూట్లపెట్టెల నిండా పాత ఫోటోలు. పది లారీలు పెట్టి నేనొకటి కొన్నాను. బల్ల చుట్టూ ఏడుగురు కూర్చున్నారు. ఒకరి మొహం ఉండాల్సిన చోట గుండ్రంగా కత్తిరించి ఉంది. ఊరికే వింతగా ఉందని తెచ్చాను. #15 చదివాక ఒళ్లు జలదరించింది. వెనక రాసింది ఫోటో తీసి పెడుతున్నా, మెడికో బాబు చదివి పెడతాడా?

#24 మెడికో_సబుర్తాలో
ఆంటీ, బేబియాతో చదివించా. "తెలావి, 1934, ద్రాక్షకోత" అని ఉంది. పేర్లు లేవు. తెలావి కాఖెతీలో ఊరు, వైన్‌కి ప్రసిద్ధి.

#25 ఫోటోపిచ్చి
1934 అంటే... మూడేళ్లలో 1937. స్టాలిన్ కాలంలో అప్పుడే ఎక్కువమందిని తీసుకెళ్లారు.

#26 బొమ్మలమాస్టారు
తొందరపడకండి. భయపడి చెరిపేవాళ్లు సిరా పూస్తారు, గీకుతారు, చించుతారు. ఇది గుండ్రంగా, శుభ్రంగా, చిన్న కత్తెరతో కోసినట్టుంది. లాకెట్‌లో పెట్టుకోవడానికి కోసి ఉండొచ్చు కదా. ఏదైనా కావచ్చు. ఆ రంధ్రంలో మనకి ఇష్టమైన కథ పెట్టేసే హక్కు మనకి లేదు.

#27 గోదారిగట్టు
నిజమే మాస్టారూ. ఆ లాకెట్ సంగతి నాకు తట్టలేదు.

ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది. ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ల ఫోటో, అదీ పోయినవాళ్లది, ఇంట్లో పెట్టుకుంటారా అని మా అత్తగారు. గోడకి పెట్టనులే, బీరువాలో ఉంటుంది అన్నాను. నిన్న సాయంత్రం తనే కళ్లజోడు తెమ్మని, కిటికీ వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూసింది. మొహం లేని మనిషి గురించి ఏమీ అడగలేదు. "ఈ చివర కూర్చున్న పిల్లకి ఎవరూ వడ్డించలేదే" అంది.

వెళ్లి చూశాను. ఆ అమ్మాయి ముందు పళ్లెం లేదు. ఇన్నిసార్లు చూసినా ఎవరికీ కనబడలేదు.